నడిమి అంచె నూకాలు

అనగనగా అని మొదలయ్యే రాజ్యాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదానిలో ఒక కొండ, కొండ కింద బురద మళ్ళు, మళ్ళకు ఎగువన ఒకే ఒక్క పెద్ద చెరువు ఉండేవి. ఆ చెరువు కింద రెండు ఊళ్ళు. ఒకటి గుండ్లవాగు, రెండోది ఏటిమొగ.

వానాకాలం పంటకు రెండు ఊళ్ళకూ నీళ్ళు సరిపోయేవి. ఎండాకాలం వేసే దాళ్వా పంటకు మాత్రం ఒక్క ఊరికే చాలేవి. దాళ్వా పండిన ఊళ్ళో పిల్లలు ఏడాది పొడుగునా అన్నం తినేవారు. పండని ఊళ్ళో పిల్లలు ఎండలు ముదిరేసరికి అంబలి తాగేవారు. అందుకని తూము దగ్గర ఏటా తలలు పగిలేవి.

చూసి చూసి విసిగిపోయిన ఒక ముసలి రాజు రెండు ఊళ్ళనూ పిలిపించాడు. "ఆ కర్రలతో తలలు పగలగొట్టుకున్నది చాలు. వాటిని పట్టుకుని పరుగెత్తండి. మూడేళ్ళకొకసారి పరుగు. గెలిచిన ఊరికి మూడేళ్ళు దాళ్వా నీళ్ళు" అన్నాడు.

అంచె పరుగు అలా పుట్టింది. ఊరికి ఒక జట్టు, జట్టుకు ముగ్గురు మనుషులు, ముగ్గురికీ కలిపి ఒక గజ్జెల కర్ర. మొదటివాడు కర్ర పట్టుకుని కొండ దిగాలి. రెండో మనిషి బురద మళ్ళు దాటాలి. మూడోవాడు బాట వెంట పరుగెత్తి కోట గుమ్మం ముట్టాలి. కర్ర చేతులు మారే రెండు చోట్లా సున్నంతో గీత గీసేవారు. గీత మీద నిలబడే కర్ర అందుకోవాలి.

బురద అంచె ఎప్పుడూ ఆడవాళ్ళదే. నాట్లు వేసే కాళ్ళకు తెలిసినట్టు బురద సంగతి ఇంకెవరికి తెలుస్తుంది?

ఇక రెండో గీత తాటితోపు చాటున ఉండేది. అక్కడ రాజు ఎవరిని కాపలా పెట్టినా ఒక ఊరు కాకపోతే ఒక ఊరు నమ్మేది కాదు. అందుకని ముసలి రాజు మరో రివాజు పెట్టాడు. గెలిచిన జట్టులో నడిమి అంచె మనిషి కోట ముందుకు వచ్చి, కర్ర మీద చెయ్యి వేసి, "గీత మీదే ఇచ్చాను" అని చెప్పాలి. చెబితే గెలుపు. చెప్పకపోతే గెలుపు రెండో జట్టుది. ఇంకెవరి మాటా చెల్లదు.

ఆ రాజు పోయాడు, ఆయన కొడుకూ పోయాడు, మనవడు రాజయ్యాడు. రివాజు మాత్రం అలాగే ఉంది.

ఆ రోజుల్లో గుండ్లవాగు జట్టులో కొండ అంచె సన్యాసిది, బాట అంచె అప్పలసూరిది. నడిమి అంచె నూకాలుది. నూకాలు అప్పలసూరికి వదిన. మొగుడు పోయాక చిన్న కూతుర్ని పెట్టుకుని మరిది ఇంట్లోనే ఉండేది. పగలంతా నాట్లు వేసేది. కోడి కూసే వేళకే లేచి జట్టుతో పరుగెత్తేది.

ఆమె దిగిన మొదటి పందెంలో గుండ్లవాగు గెలిచింది. నూకాలు కర్ర మీద చెయ్యి వేసి నిజమే చెప్పింది. ఊరు అప్పలసూరిని భుజాల మీద ఊరేగించింది. నడిమి అంచె మనిషిని ఎవరూ భుజాన ఎత్తుకోరు, ఒళ్ళంతా బురద కదా! నూకాలు కాలవలో కాళ్ళు కడుక్కుని ఇంటికి వెళ్ళి పొయ్యి వెలిగించింది. ఆ మూడేళ్ళూ ఊరంతా రెండు పంటలు తిన్నది.

రెండో పందెం వచ్చింది. కొండ దిగుతూ సన్యాసి కాలు జారి పడ్డాడు. కర్ర నూకాలు చేతికి వచ్చేసరికి ఏటిమొగ మనిషి సగం మడి దాటేసింది. నూకాలు పళ్ళు బిగించి పరుగెత్తింది. మోకాలి లోతు బురదలో ఒక్కో అడుగే దూరం తగ్గించుకుంటూ వచ్చి, తాటితోపు కనబడేసరికి ఏటిమొగ మనిషిని దాటేసింది.

అప్పలసూరి చెడ్డవాడేమీ కాదు. ఆత్రగాడు, అంతే. వదిన రావడం చూసి గీత మీద నిలబడలేకపోయాడు. ఎదురు పరుగెత్తుకొచ్చాడు.

"వదినా, ఇటియ్యి!"

"గీత కాడికి పో సూరీ! గీత కాడికి పో!"

ఆమె అరుస్తూనే ఉంది. అతను కర్ర లాక్కుని పరుగందుకున్నాడు. గీతకు ఇరవై అడుగుల ఇవతల కర్ర చెయ్యి మారింది.

కోట గుమ్మం మొదట ముట్టింది అప్పలసూరే. ఏటిమొగవాడు ఇంకా యాభై అడుగుల దూరంలో ఉన్నాడు. ఇది విని మీకు ఒళ్ళు మండకపోతే నాకు చెప్పండి. గీత మీద కదలకుండా నిలబడి కర్ర అందుకున్నా గెలిచేవాడే!

నూకాలు కోట దగ్గరికి నడిచి వచ్చేసరికి అప్పలసూరి మొహం పాలిపోయి ఉంది. ఆమెను పక్కకు లాగాడు. "ఇరవై అడుగులే గదా వదినా. ఎవులు సూసినా ఆళ్ళ మాట సెల్లదు. నీకు దణ్ణం పెడతాను" అన్నాడు.

సంగతి గ్రహించి ఊరి పెద్ద సింహాద్రి నాయుడు వచ్చాడు. "అమ్మా నూకాలూ, ఒక్క మాటకి ఊరు ఊరంతా కడుపు మాడ్సుకోవాలా? నీ బిడ్డ కూడా ఆ ఊళ్ళోదే గదా. సెప్పీయమ్మా" అన్నాడు.

జనంలోంచి దూరుకుంటూ కూతురు వచ్చి ఆమె బురద చీర పట్టుకుంది. "అమ్మా, మనం గెలిసీసినామా?" అంది.

నూకాలు కూతురి చేతిని చీర నుంచి విడిపించింది. వెళ్ళి కర్ర మీద చెయ్యి వేసింది. ఊరి పిల్లలందరూ ఆమె కళ్ళ ముందు మెదిలారు. అయినా ఆ మాట నోటికి రాలేదు.

"గీత మీద ఇయ్యలేదు మారాజా. ఇరవై అడుగులు ఇవతలే ఇచ్చాను" అంది.

రాజు లేచి నిలబడి ఆమెకు తల వంచాడు. తల వంచి, నీళ్ళు ఏటిమొగకు రాసిచ్చాడు. రాజుల మెప్పు అంతవరకే వస్తుంది పిల్లలూ.

తప్పు ఎవరిది? అప్పలసూరిది. కానీ గుండ్లవాగులో ఒక్కరు కూడా ఆ మాట అనలేదు. "కుర్రాడు, ఆత్రపడ్డాడు" అన్నారు. నూకాలును మాత్రం మొదట నాట్లకు పిలవడం మానేశారు. తర్వాత నూతి దగ్గర ఆమె బిందె పెడితే పక్క బిందెలు తీసేశారు. చివరికి ఎండాకాలం మొదట్లోనే అంబలి కూడా పలచబడిన రోజున మరిది ఆమె గిన్నెలు వీధిలో పెట్టాడు.

"నీ నిజం నువ్వు వండుకు తిను వదినా" అన్నాడు.

నూకాలు కూతురి చెయ్యి పట్టుకుని ఏటిమొగకు వెళ్ళింది. అక్కడ దాళ్వా నాట్లు జోరుగా సాగుతున్నాయి. ఆమె మాటతో వచ్చిన నీళ్ళే ఆ మళ్ళలో ఉన్నాయి. ఏటిమొగవాళ్ళు ఆమెకు పని ఇచ్చారు, అందరికంటే చివరి వరసలో. "సొంత ఊరికే అన్నం పెట్టని మనిషి" అని ఆమెకు వినబడేలా నవ్వుకున్నారు. ఆమె పిల్లను తమ పిల్లలతో ఆడనివ్వలేదు.

నూకాలు పక్క వరసలో అచ్చియమ్మ అనే పడుచు నాట్లు వేసేది. ఏటిమొగ జట్టులో కొత్తగా నడిమి అంచెకు ఎంచుకున్నది ఆమెనే. అచ్చియమ్మ నవ్వేది కాదు. తలెత్తి నూకాలును ఒకసారి చూసి, మళ్ళీ వంగి నారు నాటుకునేది. మూడేళ్ళు అలా చూస్తూనే ఉంది.

మూడో పందెం వచ్చింది. గుండ్లవాగు ఈసారి సన్యాసి చెల్లెలు పోలిని నడిమి అంచెలో పెట్టింది. మూడేళ్ళ ఆకలి ముగ్గురినీ తరిమింది. సన్యాసి జారలేదు. పోలి బురదలో అచ్చియమ్మ వెనకే, నాలుగడుగుల తేడాతో వచ్చింది. అప్పలసూరి బుద్ధి తెచ్చుకుని గీత మీద రాయిలా నిలబడ్డాడు.

అప్పుడు ఏటిమొగవాడు గీత దాటి ముప్పై అడుగులు ఎదురొచ్చి అచ్చియమ్మ చేతిలో కర్ర లాక్కున్నాడు.

పోలి చూసింది. అప్పలసూరి చూశాడు. ఎంత పరుగెత్తినా ఆ దూరం పూడలేదు. కోట గుమ్మం దగ్గర ఏటిమొగ పది అడుగుల తేడాతో గెలిచింది.

"దొంగ గెలుపు మారాజా! మేం కళ్ళారా సూశాం!" అని గుండ్లవాగు అంతా గోలపెట్టింది.

"మీ మాట చెల్లదు. కర్ర ఇచ్చిన మనిషిని పిలవండి" అన్నాడు రాజు.

గుండ్లవాగువాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. నడిమి అంచె మనిషి అబద్ధం చెప్పడం వాళ్ళు ఎన్నడూ ఎరగరు. వాళ్ళ ముత్తాతల కాలం నుంచీ ఎవరూ ఎరగరు.

అచ్చియమ్మ వచ్చింది. ఆమె కొడుకు తండ్రి భుజం మీద కూర్చుని చూస్తున్నాడు. జనానికి దూరంగా నూకాలు, ఆమె కూతురు నిలబడి ఉన్నారు. అచ్చియమ్మ వాళ్ళిద్దరినీ చాలాసేపు చూసింది. తర్వాత కర్ర మీద చెయ్యి వేసింది.

"గీత మీదే ఇచ్చాను" అంది.

నీళ్ళు మళ్ళీ మూడేళ్ళు ఏటిమొగకే వెళ్ళాయి. మేళాలు మొదలయ్యాయి. సింహాద్రి నాయుడు కళ్ళనీళ్ళతో అచ్చియమ్మకు అడ్డం వెళ్ళాడు.

"ఆ గీత పుట్టిన కాడినుంచి ఏ ఆడమనిషీ అబద్ధం ఆడలేదు తల్లీ. నీకు నోరెలా వచ్చింది?"

అచ్చియమ్మ కూడా ఏడుస్తూనే ఉంది. "నిజమే సెబుదామని వచ్చాను బాబూ. నిజం సెప్పిన మడిసిని మీ ఊరు ఏటి సేసిందో, మా ఊరు ఏటి సేసిందో మూడేళ్ళు పక్కనే నిలబడి సూశాను. నాకూ బిడ్డ ఉన్నాడు" అంది.

నాయుడు పక్కకు తప్పుకుని ఆమెకు దారి ఇచ్చాడు. అప్పలసూరి వదిన కోసం జనంలో అంతా వెతికాడు. నూకాలు అప్పటికే కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయింది. ఏ ఊరు వైపు వెళ్ళిందో చెప్పగలిగినవారు లేరు.

ఆ పరుగు ఆ తర్వాత జరగలేదు. ఎవరి మాటా ఎవరూ నమ్మని చోట గీత గీసి లాభమేముంది? తూము దగ్గర మళ్ళీ తలలు పగలడం మొదలైంది.

నీతి ఏమంటే పిల్లలూ, నిజం చెప్పినవాళ్ళను శిక్షించిన ఊరికి, ఆ నిజం తనకే కావలసిన రోజున చెప్పేవాళ్ళు దొరకరు.