వల మీద కూర్చున్న బండెమ్మ

అప్పలస్వామి గురువుగారిని ప్రశ్న అడిగినవాడికి తిన్నగా జవాబు దొరకడం మేమెవరమూ చూడలేదు. ఎప్పుడూ దొరికేది ఏదో ఒక సంగతి. వేదాంతం వినిపోదామని వచ్చినవాళ్లలో సగంమంది అందుకే నాలుగు రోజులకి మానేసేవారు. మానేసినవాళ్ల గురించి నాకేమీ దిగులు లేదు, చాప మీద చోటు మిగిలేది. గురువుగారు వయసులో ఉండగా సముద్రం మీద బతికిన మనిషి. ఇప్పటికీ చేతిలో ఎవరిదో చిరిగిన వల ఉండాల్సిందే. దాన్ని బాగుచేస్తూనే మాట్లాడేవారు.

ఒక ఆదివారం సాయంత్రం సన్యాసిరావు వచ్చాడు. మా అందరిలోకీ మెత్తనివాడు. ఎవరైనా కాలు తొక్కితే వాళ్లకే క్షమాపణ చెప్పే రకం. ఒక కంట్రాక్టరు దగ్గర పనులు చూసే చిన్న ఉద్యోగం వాడిది.

"గురువుగారూ, రేపు పొద్దున బడికి స్లాబు పోస్తున్నారు. వెయ్యాల్సిన ఇనుములో సగమే వేశారు. దాని కింద రేపు కూర్చునేది పసిపిల్లలండీ. తప్పని చెప్పాను. నువ్వెవడివిరా చెప్పడానికి అన్నారు. నిజమే, నేనెవణ్ణి? నా మాట అక్కడ చెల్లదు. మాట చెల్లనివాడు ఏం చెయ్యాలండీ?"

గురువుగారు వల మీంచి తలెత్తలేదు. "మా రేవులో బండెమ్మ అని ఒకావిడ ఉండేది" అని మొదలుపెట్టారు. ఆయన చెప్పిన సంగతి ఇది.

బండెమ్మ మొగుడు సముద్రంలోనే పోయాడు. ఒక్కడే కొడుకు, దాసు. ఆమె రేవు ఇసకలో చేపలు ఎండబెట్టి, అమ్ముకుని, వాణ్ణి ఇరవయ్యేళ్లవాణ్ణి చేసింది. ఆమె బావ పోలయ్య ఒక పడవకి తండేలు. పడవ ఎప్పుడు కదలాలో, ఎటు పోవాలో చెప్పే పెద్ద. ఆయన మాటంటే ఆ రేవులో మాటే.

అవి అమావాస్య ముందు రోజులు. చీకటి రాత్రుల్లో వల చేప కంటపడదు కనక వంజరం వేటకి అంతకన్నా మంచి అదను లేదు. పోలయ్య మూడు రోజులు ఏర్పాట్లు చేశాడు. వలని కన్నుకన్నూ తడిమి చూశాడు. వలని నీటి మీద తేల్చే పాత బెండ్లు తీయించి కొత్తవి కట్టించాడు. లంగరు తాడు పొడుగు పెంచాడు, తెరచాపకి మాసికలు వేయించాడు. రెండు రోజులకి మంచినీళ్లు, చద్దన్నం. పక్క రేవు పడవలు అప్పటికే వెళ్లిపోయాయని కబురొచ్చింది. ఇంక ఆగుతాడా? ఎనిమిదిమందిని ఎంచుకున్నాడు. వాళ్లలో దాసు ఒకడు. వాడికి అదే మొదటి దూరపు వేట.

నాలుగో రోజు పొద్దున్న పడవని నీళ్ల అంచుకి దించారు. వంజరం వల మడతలు పెట్టి ఇసకలో సిద్ధంగా ఉంది. బండెమ్మ వచ్చి పోలయ్య ఎదురుగా నిలబడింది.

"అన్నీ సూసేవు బావా. సముద్రం సూసేవా?"

ఎనిమిదిమందీ ఘొల్లున నవ్వారు. "నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను" అన్నారు గురువుగారు, దారం పంటితో తెంపుతూ.

బండెమ్మ వాళ్ల నవ్వు అయ్యేదాకా ఆగింది. "నిన్న పొద్దున్నుంచి నా సేపల్ని మూడుసార్లు ఎనక్కి జరిపేను. నీరు ఎనక్కి తీసే ఏళ కూడా కెరటం వాటి కాడికొచ్చేస్తంది. ఆకు కదల్డం నేదు, కెరటం సూత్తే ఇంత లావు. గాలి నేకుండా ఈ కెరటాన్ని ఎవులు తోల్తన్నారు? దూరాన ఏదో ఉంది బావా. రేపెల్లండి, ఎల్లుండెల్లండి. ఇయాల వద్దు."

"సేపలెండబెట్టుకునేదానివి, నువ్వా నాకు ఏట నేర్పేది? ఎల్లెల్లు!" అన్నాడు పోలయ్య. అని, వల ఎత్తమని సైగ చేశాడు.

ఆ రేవులో ఒక కట్టుబాటు ఉండేది. వేటకెళ్లే వలని ఆడది దాటకూడదు, తొక్కకూడదు. మొగుడు పోయినదైతే మరీను. తొక్కిందా, ఆ రోజుకి ఆ వల నీళ్లు తాకకూడదు. గంగమ్మకి మొక్కి, పసుపునీళ్లు చల్లి, మర్నాడే తియ్యాలి. ఇరవయ్యేళ్లుగా బండెమ్మ ఆ వలకి ఆమడ దూరం నుంచి నడిచిన మనిషి.

ఆ మనిషి చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని తిన్నగా వల మీదికి నడిచింది. నడిమధ్యన కూర్చుంది. కాళ్లు బారజాపుకుంది. బొడ్లోంచి చుట్ట తీసి వెలిగించి, అడ్డపొగ తాగే ఆడవాళ్ల అలవాటు ప్రకారం నిప్పున్న కొస నోట్లో పెట్టుకుంది.

రేవు రేవంతా నోరు వెళ్లబెట్టింది. దాసుకి ఏడుపొక్కటే తక్కువ. "లెగే అమ్మా, నా పరువు తీసేస్తన్నావు!" అన్నాడు.

"పోనీరా. నువ్వుంటావు కదా" అంది.

పోలయ్య తెడ్డు ఎత్తి మీదికి వచ్చాడు. ఆమె చూసింది గాని కదల్లేదు. ఎత్తి అవతల పారెయ్యడానికి ఎంతసేపు? అయితే మాత్రం వల మైలపడిపోయింది. ఆ వల వేసుకుని పడవెక్కడానికి ఎనిమిదిమందిలో ఒక్కడికీ గుండె లేదు, పోలయ్యకీ లేదు. ఆమె మాట చెల్లదన్న రేవులో ఆమె మైల చెల్లింది. తెడ్డు దించాడు.

ఇక తిట్లు. అప్పటిదాకా మర్యాదగా ఉన్న ముసలాళ్లు కూడా మొదలుపెట్టారు. మొగుణ్ణి మింగినదన్నారు, రేవుకి పట్టిన శని అన్నారు. అన్నవాళ్లని తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, మా గురువుగారిని మినహాయించకుండానే. బండెమ్మ చుట్ట నోట్లోంచి తీసింది.

"తిట్టండి. తిట్టే నోళ్లన్నీ ఒడ్డునున్నాయి. నాకదే సాలు."

పొద్దు వాలేదాకా అలాగే కూర్చుంది. పెద్దలు కూడి, ఏడాదిపాటు రేవులో అడుగుపెట్టకూడదని తీర్పు చెప్పారు. అంటే చేపలు లేవు, అమ్మకం లేదు, పొయ్యిలో పిల్లి లేవదు. "అలాగే" అని, లేచి, చీర దులుపుకుని ఇంటికి వెళ్లిపోయింది.

గురువుగారు అక్కడితో ఆపేశారు. వల తిప్పి ఇంకో చిరుగు వెతుక్కుంటున్నారు. సన్యాసిరావు ఉండబట్టలేకపోయాడు. నిజం చెప్పొద్దూ, నేనూ ఉండబట్టలేకపోతున్నాను.

"తుఫాను వచ్చిందా గురువుగారూ?"

గురువుగారు అప్పుడు తలెత్తారు. "కూర్చునే ముందు ఆవిడ ఆ ప్రశ్న అడగలేదురా."

సన్యాసిరావు మొహం పాలిపోయింది. "ఉద్యోగం పోతుందండీ" అన్నాడు చాప అంచు పీకుతూ, చిన్న గొంతుతో.

"పోవచ్చు" అన్నారు గురువుగారు. "స్లాబు ఎన్నింటికి?"

"ఆరింటికండీ."

"అయితే ఐదింటికే వెళ్లు. గోనెసంచి ఒకటి పట్టుకెళ్లు. ఆ చువ్వల మీద కూర్చుంటే గుచ్చుకుంటాయి."