మాట తిరిగిరాని ఇల్లు

అనగా అనగా, మన తాతల తాతలకి కూడా ఊయల కట్టకముందు, ఒక రాజు ఉండేవాడు. ఆయన పేరు ఉత్తుంగ మహారాజు. ఆయనకి ఏదైనా పెద్దదిగా ఉండాలి. పెద్ద ఏనుగులు, పెద్ద గంటలు, పెద్ద కోట. ఆ కోట ఎంత పెద్దదంటే, వంటింట్లో దించిన అన్నం రాజుగారి పీట దగ్గరికి వచ్చేసరికి చల్లారిపోయేది. పాపం, ఆ రాజు పుట్టి బుద్ధెరిగాక వేడన్నం తిననేలేదు.

ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కనకకేతు, రెండోవాడు వజ్రకేతు, చిన్నవాడు మణికేతు. తల్లి లేని పిల్లలు. ఒకడిది తూర్పు మేడ, ఒకడిది పడమటి మేడ, ఒకడిది ఉత్తరపు మేడ. ఒకడు ఏడిస్తే ఇంకొకడికి వినపడేది కాదు. తండ్రికి ఏదైనా అడగాలనిపిస్తే భటుణ్ణి పంపేవాడు.

"అన్నం తిన్నారా అని మహారాజుగారు అడగమన్నారు బాబూ."

"తిన్నానని చెప్పు."

ఆ జవాబు తండ్రికి చేరేసరికి మణికేతుకి మళ్ళీ ఆకలి వేసేది.

మణికేతుకి ఒక పిచ్చి ఉండేది. చిన్న చిన్న ఇళ్ళు కట్టేవాడు. ఉడతకి కొబ్బరి చిప్పతో, పిచ్చుకకి పాత కుండతో. పెద్ద ఇల్లు కట్టాలంటే రాళ్ళుంటే చాలు. చిన్న ఇంటికి ఆలోచన కావాలి. దీపం ఏ గూట్లో పెడితే నాలుగు మూలలూ కనపడతాయి? రాత్రి పడుకునే పలకని పొద్దున్న పీటగా ఎలా మార్చాలి? ఒక చెయ్యి చాపితే మంచినీళ్ళు, ఇంకో చెయ్యి చాపితే గొంగడి అందాలంటే ఏది ఎక్కడుండాలి? ఇవన్నీ ఆలోచిస్తూ కూర్చుంటే వాడికి ఒంటరిగా ఉన్నట్టే తోచేది కాదు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. ఇల్లు కట్టేముందు అందులో ఉండబోయేవాళ్ళ మూర కొలవాలి. మోచేతి నుంచి నడిమివేలి కొసదాకా. గుమ్మం, గోడ, కప్పు అన్నీ ఆ మూరలోంచే రావాలి. ఇంకో మాట. ఎవరి మూర కొలిచామో వాళ్ళకి జన్మలో కీడు తలపెట్టకూడదు.

మణికేతు ఒకసారి అన్నలిద్దరి మూరలూ ఒక నూలుతాడుతో కొలిచి ముడులు వేసుకున్నాడు. "చక్కిలిగిలి పెట్టకురా" అని వాళ్ళు నవ్వారు. కోట మెట్ల కింద ముగ్గురికీ సరిపోయే ఇల్లు కట్టాడు. "కుక్క పడుకోవడానికా?" అని అన్నలు ఎగతాళి చేసి వెళ్ళిపోయారు. కానీ ఆ వానాకాలంలో ఒకరోజు పిడుగులు పడ్డాయి. ముందు వజ్రకేతు వచ్చాడు, వెనకాలే కనకకేతు వచ్చాడు. లోపలికి దూరారు. ఒకడి కాళ్ళు ఒకడి మీద వేసుకుని ముగ్గురూ నిద్రపోయారు. మణికేతు అంత బాగా నిద్రపోవడం అదే మొదలు. తెల్లారాక ఎవరి మేడకి వాళ్ళు వెళ్ళిపోయారు.

కొన్నేళ్ళు గడిచాయి. ఒకనాడు ఆకాశంలో డప్పు వినపడింది. ఏడు సముద్రాల అవతల గహ్వరుడని ఒక మాంత్రికుడు ఉన్నాడు. వాడు పక్కరాజ్యపు రాకుమారి లవంగికని ఎత్తుకుపోయి, తన ఇంట్లో దీపాలు వెలిగించే పనికి పెట్టాడు. డప్పులోంచి వాడి గొంతు పలికింది.

"నాకు నిద్ర రావడం లేదు. నాకు నిద్రపట్టే ఇల్లు కట్టినవాడికి ఈ పిల్లనిచ్చి పంపిస్తాను. కట్టలేకపోతే వాణ్ణి నా ఇంటికి స్తంభంగా నిలబెడతాను."

పెద్దవాడు వెళ్ళాడు. రాలేదు. రెండోవాడు వెళ్ళాడు. వాడూ రాలేదు. మణికేతు మెట్ల కింద ఇంట్లో ఒక్కడే పడుకుని చూశాడు. ముగ్గురికి కట్టిన ఇల్లు ఒక్కడికి పెద్దదైపోయింది. మర్నాడు ప్రయాణం కట్టాడు.

భటుడు పరిగెత్తుకొచ్చాడు. "వెళ్ళొద్దని మహారాజుగారు చెప్పమన్నారు బాబూ."

"ఆయన్నే వచ్చి చెప్పమను."

మణికేతు చాలాసేపు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మహారాజు రాలేదు. మణికేతు వెళ్ళిపోయాడు.

పోగా పోగా ఒక తుమ్మచెట్టు. దానిమీద గాలికి సగం తెగిన గూడు, దాన్ని పట్టుకుని వేలాడుతున్న గిజిగాడు. మణికేతు చెట్టెక్కి కొమ్మని పట్టుకున్నాడు. గిజిగాడు గూడు బిగించుకుని అంది, "చూశావా, ఇల్లు బయట నిలబడి కట్టేది కాదు నాయనా. లోపల కూర్చుని, రొమ్ముతో నొక్కుకుంటూ కట్టుకోవాలి. పద, నేనూ వస్తాను."

పోగా పోగా ఒక పాడుగోడ. గోడ మీద మట్టిగూడు కడుతున్న కందిరీగ. మన్ను ఎండి గట్టిపడిపోయిందని ఏడుస్తోంది. మణికేతు తన చెంబులో నీళ్ళు పోసి తడిపాడు. కందిరీగ అంది, "నా నోరెంతో నా ఇటుక అంత. అందుకే నా గోడకి సందు ఉండదు. పద, నేనూ వస్తాను."

పోగా పోగా సముద్రం. ఒడ్డున వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటున్న తాబేలు. మణికేతు దాన్ని బోర్లా తిప్పాడు.

"తాబేలు తాతా, నీ ఇల్లు నీకు సరిగ్గా సరిపోయిందే!" అన్నాడు ముచ్చటగా.

"సరిపోయింది బాబూ, సరిపోయింది. ఇంకొకరు పట్టరు. నూరేళ్ళ నుంచి అదొక్కటే లోటు." తాబేలు మెడ వంచింది. "ఎక్కు. కనీసం పైన అయినా ఎవరైనా ఉంటారు."

అలా తాబేలు వీపు మీద మణికేతు, మణికేతు భుజం మీద గిజిగాడు, గిజిగాడి వీపు మీద కందిరీగ. ఒక సముద్రం, ఇంకో సముద్రం, అలా ఏడు సముద్రాలూ దాటారు.

గహ్వరుడి ఇల్లు ఇల్లులా లేదు, ఊరులా ఉంది. కప్పు కనపడదు, గోడలు కనపడవు. ఎక్కడ చూసినా స్తంభాలే. దూరంగా చేతిలో దీపంతో ఒక పిల్ల నడిచొస్తోంది.

"నువ్వేనా లవంగికవి?" అని అడిగాడు మణికేతు.

లవంగికవి... లవంగికవి... లవంగికవి... అని ఇల్లంతా మోగింది.

ఆ పిల్ల పెదవి మీద వేలు పెట్టి దగ్గరికొచ్చి గుసగుసలాడింది. "మెల్లిగా. ఈ ఇల్లు ఏ మాటా ఉంచుకోదు. తిరిగి మన మొహానే కొడుతుంది. నేను ఎవరితోనైనా మాట్లాడి ఎన్నాళ్ళయిందో. మొదట్లో నా గొంతే నాకు తోడనుకునేదాన్ని. ఇప్పుడు అదన్నా భయమే."

మణికేతు పక్కపక్కనే ఉన్న రెండు స్తంభాల చుట్టూ తన నూలుతాడు తిప్పాడు. ఒకదాని చుట్టుకొలత కనకకేతు ముడికి సరిపోయింది. రెండోదానిది వజ్రకేతు ముడికి సరిపోయింది. స్తంభానికి చెంప ఆనించి, "అన్నయ్యా" అన్నాడు. చల్లగా ఉంది.

అంతలో గహ్వరుడు వచ్చాడు. కొండంత మనిషి. కళ్ళు చూస్తే చింతనిప్పులు.

"ఏంట్రా అబ్బీ, నువ్వూ బంగారు మేడే కడతావా? నీ పెద్దన్న ఏడంతస్తులు కట్టాడు. రెండోవాడు అద్దాలతో కట్టాడు. నా కంటిమీద కునుకు లేదు."

"ముందు మూర కొలవాలి. చెయ్యి చాపండి."

గహ్వరుడు చెయ్యి చాపాడు. మణికేతు తాడు వేస్తూ ముంజేతి మీద బొటనవేలు ఆనించాడు. నాడి ఆడటం లేదు. ఇంకోచోట ఆనించాడు. అక్కడా లేదు. చచ్చిన కొమ్మని పట్టుకున్నట్టుంది. అన్నలు ఏం తప్పు చేశారో అప్పుడు తెలిసింది. ప్రాణం లేని మూరతో కొలిచారు. అలా కొలిచి కడితే అది ఇల్లు కాదు, సమాధి. అందులో ఎవరికి నిద్రపడుతుంది? ఈ మనిషి ప్రాణం వేరే ఎక్కడో మేలుకుని ఉంది.

మణికేతు కొలవకుండానే తాడు చుట్టేసి, పైకి ఏమీ తేలనీకుండా, "కట్టే చోటు నేనే వెతుక్కోవాలి. అన్ని గదులూ చూడనిస్తారా?" అని అడిగాడు.

"చూసుకో. నడిమిగదిలోకి మాత్రం వెళ్ళకు."

వెళ్ళొద్దన్నాడంటే ఉన్నది అక్కడే. గహ్వరుడు పచార్లకి వెళ్ళగానే లవంగిక దీపం పట్టుకుని దారి చూపించింది. నడిమిగది ఒక మైదానమంత ఉంది. దాని మధ్యలో ఒక బంగారు దండె. దండె మీద ఒక పచ్చని చిలక. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఇటు చూస్తుంది, ఉలిక్కిపడుతుంది, అటు చూస్తుంది.

"చిలకమ్మా, నిద్రపోవా?"

"ఎలా పోను? నాలుగు పక్కలా ఖాళీ. నా వీపుకి ఆనుకోవడానికి ఏదీ లేదు. ప్రాణం జాగ్రత్త, ప్రాణం జాగ్రత్త అని చెప్పి ఇంత గదిలో ఒక్కదాన్నే వదిలేశాడు."

మణికేతు చిలకని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. దాని గుండె టకటకా కొట్టుకుంటోంది.

లవంగిక వాడి చెవిలో అంది, "మెడ నులిమెయ్యి! వాడి పీడా పోతుంది, నీ అన్నలూ వస్తారు."

మణికేతు చిలక మెడ మీద చెయ్యి వేశాడు. అన్నలు గుర్తొచ్చారు. పిడుగులు గుర్తొచ్చాయి. తానూ ఆ ఉత్తరపు మేడలో ఇలాగే కళ్ళు తెరుచుకుని పడుకునేవాడు. మెడ మీంచి చెయ్యి తీసి, తాడు తీసి చిలక రెక్క కొలిచాడు.

"అయ్యో, కొలిచేశావా!" అంది లవంగిక.

"కొలిచాను. ఇంక దీనికి కీడు చెయ్యకూడదు. ఇల్లు కట్టాల్సిందే."

ఒక తాటిమొద్దు తెచ్చి లోపల తొలిచాడు. చిలక రెక్క ఎంతో లోతు అంత. చిలక రొమ్ము ఎంతో గుమ్మం అంత. గిజిగాడు లోపల కూర్చుని, గడ్డి పరిచి, రొమ్ముతో నొక్కి గుండ్రం చేసింది. కందిరీగ ప్రతి సందూ మట్టితో మూసింది. తాబేలు చూసి, "ఇంకొకరికి చోటుందా?" అంది. మణికేతు నాలుక కరుచుకుని, ఇంకో చిలక ఒదిగేంత మేర తొలిచాడు.

లవంగిక గుమ్మంలో మొహం పెట్టి మెల్లిగా, "బాగుందే" అంది. ఆ మాట తిరిగి రాలేదు. లోపలే ఆగిపోయింది. ఆ పిల్ల ఎన్నాళ్ళకో నవ్వింది.

అప్పుడే గహ్వరుడు అడుగుల మోతతో వచ్చిపడ్డాడు. "దొంగా! నా ప్రాణాన్ని తాకుతావా?" అని కత్తి ఎత్తాడు. చిలక బెదిరి మణికేతు చొక్కా పట్టుకుంది.

"వెళ్ళమ్మా, నీ ఇల్లే" అన్నాడు మణికేతు. కత్తికి ఎదురుగా నిలబడ్డాడు, కదల్లేదు.

చిలక తల వంచి లోపలికి దూరింది. ఒకసారి తిరిగింది. రెండోసారి తిరిగింది. మూడోసారి తిరిగి, గోడకి వీపు ఆనించి, రెక్కలో ముక్కు పెట్టుకుంది. గహ్వరుడి కత్తి గాల్లోనే ఆగింది. వాడు ఆవులించాడు. "ఎంత... వెచ్చగా..." అంటూ కూలబడ్డాడు. ఆ మాటతోపాటే నిద్రపోయాడు.

వాడి మెలకువ మీదే నిలబడ్డ ఇల్లు, అది పోగానే పొగమంచులా కరిగిపోయింది. స్తంభాలన్నీ మనుషులయ్యాయి. కనకకేతు కళ్ళు నులుముకుని, "ఒరేయ్ చిన్నోడా, వాన తగ్గిందా?" అన్నాడు. నేల మీద కొండంత మాంత్రికుడు లేడు, ముడుచుకుని పడుకున్న ఒక బక్క ముసలాయన ఉన్నాడు. వాడి పొడవు ఎంతో అంత పాక వేసి, చూరుకి చిలక ఇల్లు వేలాడదీశారు. తాబేలు, "నాకు ఇక్కడ బాగుంది. ఊపిరి వినపడుతోంది" అని, వాళ్ళందరినీ దాటించి తిరిగి ఆ పాక దగ్గరికే పోయింది.

మణికేతుకీ లవంగికకీ పెళ్ళయింది. పెళ్ళికి ఊరంతా వచ్చింది. రాజుగారు మాత్రం దూరంగా సింహాసనం మీంచే అక్షింతలు భటుడితో పంపించారు.

మణికేతు కోట పెరట్లో ఒకే గది ఇల్లు కట్టుకున్నాడు. ఒక పలక, ఒక అటక, ఒక దీపపు గూడు, ఒక పొయ్యి. గుమ్మం పొట్టిది. తండ్రి భటుడితో కబురంపి అప్పగించిన రాజ్యపు పనులు అక్కణ్ణుంచే చూసేవాడు. మంత్రులు తలపాగాలు తీసి, తల వంచి వచ్చేవారు. వాన పడితే అన్నలిద్దరూ వచ్చి కాళ్ళు పెట్టుకోవడానికి చోటు వెతుక్కునేవారు. ఒకరోజు అలాగే వాన పడుతోంది. లవంగిక అన్నం దించుతోంది. గుమ్మం దగ్గర టంగుమని చప్పుడైంది. కిరీటం గుమ్మానికి తగిలి, బురదలో పడి దొర్లింది.

బయట తడుస్తూ ఉత్తుంగ మహారాజు నిలబడి ఉన్నాడు. వెంట భటుడు లేడు.

"ఒరేయ్ మణీ," అన్నాడు. కళ్ళ మీది వాననీళ్ళు తుడుచుకున్నాడు. "అన్నం తిన్నావా?"

"లేదు నాన్నా. వంగి రండి."

ఆయన వంగి వచ్చాడు. అందరూ కాస్త కాస్త జరిగారు. లవంగిక వేడన్నం వడ్డించింది. ఆయన మొదటి ముద్దకే నాలుక కాల్చుకున్నాడు. "కాలింది, కాలింది" అంటూనే ఏడ్చాడు, ఏడుస్తూనే తిన్నాడు. ఆ మాటలేవీ తిరిగి రాలేదు.

వాళ్ళు చాలాకాలం అలాగే చల్లగా ఏలారు. పెద్ద కోటలో పిచ్చుకలు పిల్లల్ని పెట్టాయి.

ఈ కథ ఇంతే, చిన్న కథ. బయటికి వెళ్ళేటప్పుడు తల వంచండి, గుమ్మం తగులుతుంది.