గేటు బయట అతిథి

ప్రోగ్రాంలో తప్పు ఉన్నా పని సాగిపోతున్నప్పుడు దాన్ని తవ్వి తీయడం ఎందుకని తారకేశ్ తన గురువును అడిగాడు.

స్నేహితులతో కలిసి నడుపుతున్న ఆన్‌లైన్ ఆటకు అతను లువా అనే కంప్యూటర్ భాషలో ప్లగిన్, అంటే ఆటకు తగిలించే చిన్న ప్రోగ్రాం, రాశాడు. కోట గేటు దగ్గరికి వచ్చిన ఆటగాడిని జట్టు పేరుతో పలకరించి తలుపు తీయడమే దాని పని. అప్పుడప్పుడు జట్టు పేరు దొరకలేదంటూ తెర మీద ఎర్రర్ పడేది. వెతికే ఓపిక లేక, ఎర్రర్ వస్తే చూపించకుండా దాటిపొమ్మని రాసేశాడు. అప్పటినుంచి తెర మీద ఏ గొడవా లేదు.

పాలిటెక్నిక్‌లో ప్రోగ్రామింగ్ చెప్పి రిటైరైన భ్రమరాంబ గారికి వాదించే అలవాటు లేదు.

"నీ పేరుతో కాదు, కొత్తవాడిలా లోపలికి వెళ్లి చూడు," అన్నారు.

తారకేశ్ కొత్త పేరు పెట్టుకుని వెళ్లాడు. కొత్తవాడికి జట్టు ఉండదు. గేటు తెరుచుకోలేదు. తెర మీద ఎర్రర్ కూడా పడలేదు. పక్కనే గోడ వారన మరో ఆటగాడి బొమ్మ నిలబడి ఉంది. దాని తల మీద 'అతిథి' అని మాత్రమే ఉంది.

"మీకూ తెరుచుకోలేదా?" అని అక్షరాలు పడ్డాయి. "నేను రోజూ వస్తున్నానండీ. మా అన్నయ్య ఇందులో ఆడేవాడు, గోరింక అనే పేరుతో. నేను తన చెల్లెల్ని. పోయిన నెల చనిపోయాడు. లోపల ఇల్లు కట్టానని మురిసిపోతూ చెప్పేవాడు. ఒక్కసారి చూద్దామని..."

గోరింక తారకేశ్‌కు తెలుసు. కొండ అంచున నీలం కప్పు ఇల్లు అతనిదే. ఈమధ్య కనబడకపోతే పరీక్షలేమో అనుకున్నాడు. అసలు పేరేమిటో, ఏ ఊరో ఎన్నడూ అడగలేదు.

"ఎవరికైనా చెప్పాల్సింది కదండీ?"

"బయటివాళ్లను రానివ్వరేమో అనుకున్నాను."

"కాసేపు ఉండండి, ఇప్పుడే తెరిపిస్తాను," అని రాసి, ఆత్రంగా ప్లగిన్ తెరిచాడు. జట్టు లేనివాళ్లను అతిథులుగా లోపలికి పంపమని ఒక్క లైను చేర్చితే సరిపోయింది. వెంటనే సర్వర్ ఆపి మళ్లీ నడిపించాడు. ఆపగానే ఆటలో ఉన్నవాళ్లందరూ బయటపడిపోయారు. ఆ సంగతి ఆమెకు ముందే చెప్పాలన్న ఆలోచన అతనికి రాలేదు.

స్నేహితులు విసుక్కుంటూ ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. గేటు అందరికీ తెరుచుకుంది. అతిథి మాత్రం రాలేదు. తనను గెంటేశారనుకుందేమో. సాయంత్రం దాకా తారకేశ్ గేటు దగ్గరే నిలబడ్డాడు. మర్నాడూ నిలబడ్డాడు.

"సరిచేశాను మేడమ్," అన్నాడు చివరికి. "ఆవిడ మళ్లీ రాలేదు."

భ్రమరాంబ గారు ప్లగిన్‌లో ఎర్రర్‌ను దాచమన్న లైను మీద వేలు పెట్టారు.

"అది ప్రోగ్రాం కాబట్టి అరిచి చెప్పింది," అన్నారు. "మనుషులు అరవరు, తారకేశ్."