ఏకాదశి గారెలు

ఒక రాజుగారి కొలువులో జగ్గావధాని అనే పండితుడు ఉండేవాడు. ఆయన నోటికి ఎదురులేదు, ఆకలికి అంతులేదు. ఏకాదశినాడు ఊరంతా కడుపు మాడ్చుకుంటుంటే, ఆయన మాత్రం గుడి మెట్లెక్కుతూ తన వంటమనిషి పేరిందేవికి గారెలు వండి తెమ్మని పురమాయించాడు.

"ఇవాళ ఉపవాసం కదా అవధానిగారూ?" అంది ఆవిడ.

"పిచ్చిదానా, ఉప అంటే దగ్గర, వాసం అంటే ఉండడం. దేవుడి దగ్గర ఉండడమే ఉపవాసం. అందులో తిండి మాటెక్కడుంది?" అని దర్శనానికి వచ్చిన రాజుగారికి వినబడేలా చెప్పి, పోయి దేవుడి ముందు కూర్చున్నాడు.

ఖాళీ కడుపుతో గారెలు వేయిస్తుంటే పేరిందేవికి ఒళ్ళు మండింది. అయినా పళ్ళెం నిండా తెచ్చి గుడి గడప బయట పెట్టింది. ఏకాదశినాడు వండినదేదీ ఆ గడప దాటకూడదని ఆచారం.

వాసన తగలగానే అవధాని లేచాడు.

"లేవకండి అవధానిగారూ," అంది పేరిందేవి. "తింటే చెడేది మా ఉపవాసం. మీది దేవుణ్ణి వదిలి ఇవతలికొస్తే చెడుతుంది."

రాజుగారు అవునన్నట్టు తలూపారు. అవధాని కూలబడ్డాడు.

పొద్దుగూకేదాకా గారెలు గడప అవతలే ఉన్నాయి. అవధాని కళ్ళు మూసుకుని, ఉపవాసానికి ఇంకో అర్థం ఏమైనా దొరుకుతుందేమోనని వెతుక్కుంటూ కూర్చున్నాడు.