మెరుపుకీ ఉరుముకీ మధ్య

భ్రమరాంబగారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. "మేడమ్, ఇది ఇలాగే ఎందుకు?" అని నోరు జారితే చాలు, కళ్లజోడు పైనుంచి ఒకసారి చూసి, ఫలానా చోటికి వెళ్లి ఫలానాది కొలుచుకు రమ్మనేవారు. కొలుచుకొచ్చాక కూడా జవాబు చెప్పేవారు కాదు. అప్పటికి అడిగినవాళ్ల ప్రశ్నే మారిపోయి ఉండేది. అందుకని తెలివైనవాళ్లు ఆవిడను ఏమీ అడక్కుండా డిగ్రీ పుచ్చుకుని వెళ్లిపోయేవారు. హైమవతి అంత తెలివైనది కాదు. అడిగింది.

ఆవిడ నడిపేది ఉత్తరాంధ్రలో ఒక విశ్వవిద్యాలయంలో, పిడుగుల మీద పరిశోధన చేసే చిన్న కేంద్రం. ఉన్నది ఒక్కటే గది. కిటికీ పక్క బల్ల హైమవతిది. మేఘాల్లో పేరుకునే విద్యుత్తును పసిగట్టే యంత్రం ఆమె చేతిలో ఉండేది. మధ్య బల్ల రెబ్కాది. ఆమెది సమాజశాస్త్రం. పిడుగుపాటుకు పోయినవాళ్లు ఎవరు, ఆ వేళకి వాళ్లు అక్కడెందుకున్నారు అని ఊరూరా తిరిగి అడిగేది. తలుపు దగ్గర బల్ల త్రినాథ్‌ది. అతను జానపదం వాడు. ఉరిమితే జనం ఏం పాడతారో, ఏం చెప్పుకుంటారో రికార్డు చేసుకొచ్చేవాడు. భౌతికశాస్త్రం ప్రొఫెసరైన ఆవిడ ఈ ముగ్గుర్నీ ఒక్క గదిలో ఎందుకు కూర్చోబెట్టారో మిగతా శాఖలవాళ్లకి అంతుపట్టలేదు. రిజిస్ట్రారు దానికి కిచిడీ కేంద్రమని పేరు పెట్టాడు. ఆ మాట చెవిన పడితే భ్రమరాంబగారు, జ్వరం తగిలినవాళ్లకి కిచిడీయే పెడతారుగా అని ఊరుకున్నారట.

హైమవతికి నలభై అయిదేళ్లు దాటాయి. జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేది. ఇంటర్ చదివే కొడుకు శశాంక్ కాలేజీ మైదానంలో క్రికెట్ ఆడుతుండగా పిడుగు పడింది. ఏడాది తిరగకుండా ఆమె సెలవు పెట్టి ఇక్కడ చేరింది. ఎందుకు చేరిందో ఎవరికీ చెప్పలేదు. అందరికీ తెలుసు. ఆమెకి కావలసింది ఒక్కటే. పిడుగు కన్నా ముందు ఒక కూత వినబడాలి. అంతే. మిగతాదంతా కాలక్షేపం.

కూత తయారైంది కూడా. యంత్రానికి సైరన్ తగిలించి, వర్షాకాలం మొదట్లో దగ్గరి పల్లెలో బిగించింది. పొలాల మధ్య కరెంటు ఉన్నచోటు ఒక్కటే, కామందుగారి మోటారు షెడ్డు. దాని మీద పెట్టొద్దు హైమక్కా అని రెబ్కా చెప్పింది. మరి గాల్లో పెట్టమంటావా అంది హైమవతి. వరి ఉడుపులు మొదలైన వారంలోనే ఆకాశం కమ్ముకొచ్చి సైరన్ కూసింది. మడిలో ఉన్న ఆడవాళ్లు వంచిన నడుము ఎత్తలేదు. ఒకళ్లిద్దరు షెడ్డు వైపు చూసి మళ్లీ ఆకు నాటుకున్నారు. ఆ పూట పిడుగు పక్కూరి తాటితోపులో పడింది కాబట్టి సరిపోయింది. తర్వాత అడిగితే, అది కామందుగారి కూత కదమ్మా, మోటారుకేటో అయిందనుకున్నాం అన్నారు. పిడుగు కూత అని ముందే చెప్పాను కదా అంటే, చెప్పేవు తల్లీ, అయినా ఆ కామందు బాబు గట్టు మీద నిలబడే ఉన్నాడు అన్నారు. హైమవతి దానికి తాత్పర్యం ఇలా తీసుకుంది: సైరన్ చప్పుడు చాలలేదు.

అదే రోజు గదిలో రెబ్కా ఆమెను ఒక ప్రశ్న అడిగింది. అడగడానికి చాన్నాళ్లుగా తటపటాయిస్తున్నట్టుంది, గొంతు తగ్గించే అడిగింది. "అక్కా, శశాంక్ వాళ్ల మైదానంలో ఆ రోజు, ఆట ఆపండని చెప్పగలిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" హైమవతి లేచి బయటికి వెళ్లిపోయింది. చచ్చిపోయినవాళ్ల ఇళ్లకి వెళ్లి ఇలాగే అడుగుతుందన్నమాట, దీన్ని పరిశోధన అంటారన్నమాట అనుకుంది. ఆ తర్వాత రెబ్కాతో అవసరానికి మించి ఒక్క మాట లేదు. ఇక త్రినాథ్ చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని ఉడుపుల పాటలు వింటూ తల ఊపుతుంటే ఆమెకి ఒళ్లు మండేది.

అలాంటప్పుడు రిజిస్ట్రారు దగ్గర్నుంచి కబురొచ్చింది. కేంద్రానికి ఇక ఒక్క శాఖనే ఉంచుతారు. ఏది ఉంచాలో కేంద్రమే రాసివ్వాలి. మిగతా ఇద్దరూ తమ దారి తాము చూసుకోవాలి. త్రినాథ్ ఆ సాయంత్రమే తన క్యాసెట్లు అట్టపెట్టెలో సర్దుకోవడం మొదలుపెట్టాడు. హైమక్క మాటే చెల్లుతుందిలే, ఆవిణ్ణి కాదనడానికి రిజిస్ట్రారుక్కూడా గుండె చాలదు అన్నాడు నవ్వుతూ. నవ్వు బాగాలేదు. రెబ్కా ఏమీ సర్దుకోలేదు. పొమ్మన్నప్పుడు చూద్దాం, ఈలోగా నా పని నాకుంది అని సంచి తగిలించుకుని పల్లెకి పోయింది.

అప్పుడు హైమవతి గురువుగారిని అడిగేసింది. "మేడమ్, పిడుగు విద్యుత్తు. దాన్ని కొలవాలి, ముందుగా చెప్పాలి. పాటలు దేనికి? ఎవరు ఏ కులం, ఎవరు ఎవరి పొలంలో అన్న లెక్కలు దేనికి? పిల్లలు పోతుంటే మనకివన్నీ ఎందుకు?"

భ్రమరాంబగారు కళ్లజోడు పైనుంచి చూశారు. ఉరిమినప్పుడు మనవాళ్లు భయం పోవడానికి పది పేర్లు చెప్పుకుంటారు కదా, నువ్వూ చిన్నప్పుడు చెప్పే ఉంటావు అన్నారు. చెప్పాను అంది హైమవతి. అయితే ఉడుపులాడే ఆడవాళ్లు ఆ పేర్లు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో కొలుచుకు రా అన్నారు.

హైమవతికి ఏడుపొచ్చినంత పనైంది. అయినా పని పనే. త్రినాథ్ బల్ల దగ్గరికి వెళ్లి ఆ రికార్డింగులు పెట్టమంది. అతను పెట్టాడు. బురదలో నిలబడి చెప్పే పేర్లు నిదానంగా, ఒకదాని వెనక ఒకటి కాళ్లీడ్చుకుంటూ వస్తున్నాయి. పాట పట్టేది సన్యాసమ్మ అనే ఆవిడ, పేర్లు మొదలెట్టేదీ ఆవిడే, ఆమె నోరు తెరిస్తేగాని వరసలో ఎవరూ తెరవరు అన్నాడు త్రినాథ్. ఆమె ఆపితే చేతులు కూడా ఆగిపోతాయి అక్కా, ఒకసారి దగ్గొచ్చి ఆపితే వరసంతా నడుం ఎత్తేసింది. హైమవతి ఆ మాట విననట్టే కొలుచుకుంది. మెరుపు కనబడగానే పేర్లు మొదలుపెడితే, అవి మూడు తడవలు పూర్తయ్యేలోపు ఉరుము వినబడితే, పిడుగు తమ మీద పడగల దూరంలోనే ఉన్నట్టు. అప్పుడు ఆరుబయట నిలబడకూడదు. చిక్కల్లా ఏమిటంటే, జనం పేర్లు మొదలుపెట్టేది ఉరుము విన్నాక. అప్పటికి చెప్పినా ఒకటే, మానినా ఒకటే. ఆ సంగతే గురువుగారికి రెండు ముక్కల్లో చెప్పింది. గురువుగారు రెబ్కానీ త్రినాథ్‌నీ పిలిచి, ఇదిగో హైమ లెక్క, మిగతాది మీరు చూసుకోండి అన్నారు. వాళ్లిద్దరూ ఏదో గుసగుసలాడుకుంటూ వెళ్లిపోయారు. హైమవతి తన బల్ల దగ్గర కూర్చుని, భౌతికశాస్త్రం ఒక్కటే ఉంచాలని రాసేసి, గురువుగారి సంతకం కోసం ఆ కాగితాన్ని చేతిసంచిలో పెట్టుకుంది. పనైతే చెప్పారు, జవాబు చెప్పలేదు కదా.

మూణ్ణాలుగు రోజుల తర్వాత ఇంకా పెద్ద సైరన్ పట్టుకుని పల్లెకి వెళ్లింది. రోడ్డు పక్క బడి గదిలో సామాను దించుతుంటే పడమట నల్లగా లేచింది. ఎదురుగా మడిలో పదిహేను, ఇరవై మంది వంగి ఉన్నారు. పాట వినబడుతోంది. గట్టు మీద గొడుగుతో కామందు. షెడ్డు మీది పాత సైరన్ కూసింది. ఎప్పట్లాగే ఎవరూ కదల్లేదు. హైమవతి లేవండి, లేవండి అని అరుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. ఆ గాలికి ఆమె గొంతు ఆమెకే వినబడలేదు.

మెరిసింది. పాట ఆగింది.

ఆగిన చోటే పేర్లు మొదలయ్యాయి. ముందు ఒక్క గొంతు, వెంటనే అందరూ. చేతుల్లో ఆకు అలాగే ఉంది, ముఖాలు మాత్రం ఆకాశం వైపు లేచాయి. ఒక తడవ అయింది. రెండో తడవ సగంలో ఉండగా ఉరిమింది. వరసకి ఈ చివర ఉన్న బక్కపల్చని మనిషి నడుం ఎత్తి, చేతిలో ఆకు మడిలోకి గిరాటేసి, ఎల్దారండి అంది. అంతే. వరసంతా లేచింది.

కామందు గొడుగు ఊపుతూ అడ్డం వచ్చాడు. సైరన్‌కి లేవనివాళ్లు ఇప్పుడెందుకు లేచారో ఆయనకి బోధపడలేదు. పీకిన ఆకంతా గట్టున ఎండిపోదా, ఎవులు సెప్పేరు మీకు అని గద్దించాడు. ఆ బక్కపల్చని మనిషే సన్యాసమ్మ. ఆగలేదు, నడుస్తూనే అంది.

"ఆకు మళ్లీ మొలుత్తాది బాబూ. మేం మొలవం."

రేపట్నుంచి ఒక్కత్తీ నా మడిలో దిగొద్దు అన్నాడాయన. "రేపు ఎవుల్ని దింపుతావు? నువ్వే దిగుతావేటి, గొడుగేసుకుని?" అంది ఆమె. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. గొడుగు పక్కకి తొలిగింది. బురద కాళ్లతో అందరూ రోడ్డు దాటి బడి గదిలోకి వచ్చి పడ్డారు. వాళ్ల వెనకే వాన. కాసేపటికి తల మీద టవల్ కప్పుకుని కామందు కూడా వచ్చి ఒక మూల నిలబడ్డాడు. ఆయన్ని ఎవరూ పొమ్మనలేదు. రమ్మని కూడా అనలేదు. వాళ్లు వదిలొచ్చిన మడి మీద ఆకాశం రెండుగా చీలినట్టు మెరిసి, కిటికీ రెక్కలు అదిరాయి.

వచ్చినవాళ్లలో రెబ్కా కూడా ఉంది. మోకాళ్ల దాకా బురద. మూడు రోజులుగా వాళ్లతో మడిలో దిగుతోందట. హైమవతి అడగకుండానే చెప్పింది. మెరుపు కనబడగానే పాట వదిలి పేర్లు అందుకోమని సన్యాసమ్మను ఒప్పించింది త్రినాథ్. అది పాటలో భాగం అయిపోతే ఎవరి అనుమతీ అక్కర్లేదన్నాడు. ఒక్కరు లేస్తే ఆ ఒక్కరినీ రేపట్నుంచి మానిపించేస్తారని వాళ్ల భయం. ఉడుపుల్లో ఇంకో జట్టు ఎక్కడా దొరకదు, లేస్తే అందరూ ఒక్కసారే లేవండి, అందర్నీ ఎవరు మానిపిస్తారు అని కూర్చోబెట్టి మాట్లాడింది తను. లెక్క నీదే అక్కా, అంది చివరికి.

లెక్క తనదే. హైమవతి గోడకి ఆనుకుంది. శశాంక్‌కి అయిదారేళ్లప్పుడు, వర్షం వస్తే మేడ మీద తలుపు సందులోంచి చూస్తూ, మెరుపుకీ ఉరుముకీ మధ్య అంకెలు లెక్కపెట్టడం నేర్పింది తనే. వాడు పెద్దయ్యాక కూడా, మెరిస్తే పెదవులు కదిపేవాడు. ఆ రోజు మైదానంలో వాడికి తెలియదనే ఇన్నాళ్లూ అనుకుంది. ముందు ఒక కూత వినబడి ఉంటే అనుకుంది. వాడు లెక్కపెట్టే ఉంటాడు. లెక్కపెట్టి, సారు వైపు చూసి ఉంటాడు.

గదిలో ఆడవాళ్లు కొంగులు పిండుకుంటున్నారు. హైమవతి రెబ్కా పక్కకి వచ్చి నిలబడింది.

"ఆ రోజు అడిగావు కదా," అంది. "రాసుకో. డ్రిల్లు మాస్టారు ఉన్నాడు. ఈల ఆయన మెడలోనే ఉంది."

రెబ్కా రాసుకోలేదు. ఆమె చెయ్యి పట్టుకుంది. బురద చెయ్యి.

మర్నాడు పొద్దున్నే గురువుగారి గదికి వెళ్లి, సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది హైమవతి. జరిగినదంతా ఆవిడకి అప్పటికే తెలుసు. రిజిస్ట్రారు ఆ ఉదయమే ఫోను చేసి, ఒక్క పేరు పంపడానికి ఇంత ఆలస్యమా అని విసుక్కున్నాడట కూడా. భ్రమరాంబగారు కాగితం చదివారు. ముఖంలో ఏమీ కనబడలేదు.

"చించెయ్యమంటారా మేడమ్?" అని అడిగింది హైమవతి. మళ్లీ అడిగింది.

"చించకు. ఒక పని చెయ్యి," అన్నారు ఆవిడ, కలం మూత తీసి ఆమె చేతికిస్తూ. "నిన్న సన్యాసమ్మ మడిలోంచి గట్టెక్కింది కదా. అందులో కుడికాలు ఏ శాఖది, ఎడమకాలు ఏ శాఖది? తేల్చి, దీని కింద రాయి. సంతకం పెట్టి నేనే ఇచ్చొస్తాను."