బూదవ్వ రాళ్లు

ఎన్ని వానల కిందటి మాటో నాకూ తెలవదు, నాకు చెప్పినామెకూ తెలవదు. నల్లచెల్క అనే ఊరు, ఆ ఊరికొక పెద్ద చెరువు. చెరువు అడుగున తూము. తూముకు చెక్క బిరడా. మునిగి ఆ బిరడా తీసేదీ, పెట్టేదీ నీరటి ఉప్పలి. అతని పెండ్లాం బూదవ్వ.

ఒక వానకాలం బిరడా ఊడిపోయింది. నీళ్లు గిర్రున తిరిగి సుడి లేచింది. "దిగురా" అన్నాడు ఊరి పటేల్. ఉప్పలి దిగాడు. మళ్లా పైకి రాలేదు.

అప్పటి నుంచి తూము తీసినప్పుడల్లా బూదవ్వ కట్ట మీద కూర్చునేది. సుడిలో మోదుగాకు వేసేది. ఆకు తిరుగుతుంటే చూసేది, ఊపిర్లు లెక్కపెట్టేది. పిచ్చి పట్టిందన్నారు జనం.

మూడేండ్లు గడిచినయి. బిరడా మళ్లా ఊడింది. చెరువు ఖాళీ అయితే ఊరికి పంట లేదు. పటేల్ ఈసారి ఉప్పలి తమ్ముడు కొమ్రయ్యను పిలిచాడు.

"దిగురా!"

కొమ్రయ్య నడుముకు తాడు కట్టుకున్నాడు. బూదవ్వ వచ్చి ఆ తాడు పట్టుకుంది.

"పటేలా, మనిషిని దించకు. సుడికి పన్నెండు బారల దూరంల ఆకు ఒక్క చుట్టు తిరగనీకి నలభై ఎనిమిది ఊపిర్లు పడతయి. ఆరు బారల కాడ పన్నెండే. మూడు బారల కాడ మూడే."

"మరి నడిమిట్ల?"

"ఆడికి నా లెక్క పోదు. ఎవ్వల లెక్కా పోదు. అయితే ఎట్లెట్ల లోపలికి గుంజుతదో నాకెరుకే. ఎన్నిసార్లేసినా ఒక్క తీరే."

"అయితే చెరువు పోవాల్నా?"

"మనిషిని గుంజే నీళ్లు గడ్డికట్టను గుంజవా?"

ఎండుగడ్డి కట్ట వేశారు. తేలి, సుడి దగ్గర చెదిరిపోయింది. రాళ్లు కట్టిన గడ్డిమోపు వేశారు. వేసినకాడనే మునిగింది. మూడోది బూదవ్వే కట్టింది. లోపల బంకమన్ను, చుట్టూ తడిగడ్డి. సగం మునిగి, సగం తేలింది. మెల్లగా తిరిగింది. జోరుగా తిరిగింది. కండ్లకు ఆనకుండా తిరిగి, లోపలికి పోయి తూముకు అడ్డం పడింది.

చెరువు హోరు ఆగింది.

జనం కేకలేశారు. బూదవ్వ మాత్రం కూలబడి ఏడ్చింది. "ఆనాడు నాకింత ఎరుకుంటే..." అంది. కొమ్రయ్య పక్కన కూర్చున్నాడు. "ఊకో వదినె" అన్నాడు.

"ఏం కావాలె నీకు?" అని అడిగాడు పటేల్.

"ఎండకాలం చెరువు ఎండినంక, తూము చుట్టూ పన్నెండు బారల దూరంల, నీళ్ల మీదికి కనబడేటట్టు నిలువు రాళ్లు పాతియ్యి."

"దిగేటోళ్ల కోసమా?"

"దిగేటోనికి నీళ్లే చెప్తయి. కట్ట మీద నిలబడి దించేటోళ్ల కోసం."

పటేల్ తల వంచుకున్నాడు. ఆ ఎండకాలమే రాళ్లు పాతించాడు. బూదవ్వ ముసలిదై, తన గుడిసెలోనే కన్నుమూసింది.

ఇప్పటికీ ఆ ఊళ్లో నీరటిని చెరువులోకి దిగమనాలంటే, ఆ మాట అనే పెద్దమనిషి ముందు తానే నీళ్లలోకి దిగాలి. బూదవ్వ రాళ్ల దాకా ఈది, చేత్తో ఒక రాయిని తాకి రావాలి. అతను తడిసి ఒడ్డుకు వచ్చేదాకా నీరటి తలపాగా కూడా విప్పడు.