పాత తాళం తీసెయ్యి

కాకినాడలో చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివి, రికార్డు చేసి దాచిపెట్టే ఒక చిన్న శ్రవణ గ్రంథాలయంలో నూకరాజు అనే కంప్యూటర్ ఉద్యోగి ఉండేవాడు. పనిలో చురుకే గానీ, ఎవరి మాటా చివరిదాకా వినే ఓపిక అతనికి ఉండేది కాదు.

ఎదుటివాళ్ళు నోరు తెరవగానే "అర్థమైపోయిందండీ" అనేసేవాడు. హోటల్లో సర్వరు "ఇడ్లీ, పెసరట్టు..." అని మొదలుపెట్టగానే "అదే తెచ్చెయ్" అనేవాడు. ఏది తెచ్చినా తినేసేవాడు, అది వేరే సంగతి. "ఆలస్యం అమృతం విషం" అన్న సామెత ఎప్పుడూ అతని నాలుక చివరే ఉండేది. "నిదానమే ప్రధానం" అని కూడా ఒకటుంది కదా అని ఎవరైనా గుర్తుచేయబోతే, ఆ మాట పూర్తయ్యేలోగా లేచి వెళ్ళిపోయేవాడు.

ఆ గ్రంథాలయాన్ని నడిపేది భ్రమరాంబ గారు. ముప్ఫై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. అక్కడి గొంతులన్నిటిలో విలువైనది మాత్రం కామేశం మాస్టారిది. ఆయన మూడేళ్ళు కూర్చుని పదో తరగతి సైన్సు పాఠాలన్నీ రికార్డు చేశారు. పుస్తకంలో బొమ్మ వచ్చిన చోటల్లా ఆ బొమ్మను మాటలతో గీసేవారు. "పొంగిన పూరీని వేళ్ళతో తడమండి పిల్లలూ. మధ్యలో లావు, అంచుల్లో పలచన. కుంభాకార కటకం అంటే అదే" అని చెప్పేవారు. పిల్లలు ఆ పాఠం ఇక జన్మలో మరిచిపోయేవారు కాదు.

తర్వాత ఆయనకు గొంతులో జబ్బు చేసింది. ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు గానీ మాట పోయింది. అప్పటినుంచి ఒక చిన్న నోటుబుక్కూ పెన్సిలూ ఆయన నోరయ్యాయి. అయినా రోజూ గ్రంథాలయానికి వచ్చి, కొత్తవాళ్ళు చదివిన పాఠాలు విని తప్పులు దిద్దేవారు. ఆయన అక్షరాలు గుండ్రంగా, నెమ్మదిగా రాసేవారు. నూకరాజు మొదటి ముక్క చూసి మిగతాది ఊహించేవాడు. ఒకరోజు ఆయన "మంచి" అని రాయగానే, "అవునండి మాస్టారూ, ఇవాళ మంచిరోజేనంట!" అని చక్కా పోయాడు. మాస్టారు నిట్టూర్చి, తన మంచినీళ్ళు తనే వెళ్ళి తెచ్చుకున్నారు.

పాఠాలన్నీ ఉండేది గ్రంథాలయం కంప్యూటర్లో కాదు, క్లౌడ్‌లో. క్లౌడంటే మబ్బు కదా అని పైకి చూడనక్కర్లేదు. ఎక్కడో ఒక పెద్ద భవనంలో వేల డిస్కులు పెట్టి అద్దెకిస్తారు, అంతే. ఈ ఏర్పాటంతా చేసింది సలీమా అనే ఇంజనీరు. ఆమెకు విశాఖపట్నంలో వేరే ఉద్యోగం వచ్చింది. వెళ్ళేముందు నూకరాజును కూర్చోబెట్టి అంతా వివరించింది.

"దీన్ని వాల్యూమ్ అంటారండి. అద్దెకు తీసుకున్న బీరువా అనుకోండి. పాఠాలూ, పిల్లల పేర్లూ, వాళ్ళ డాక్టరు కాగితాలూ అన్నీ ఇందులోనే ఉన్నాయి."

"అర్థమైపోయిందండీ."

"ప్రతి ఆదివారం ఈ క్లౌడే బీరువా ఎలా ఉందో అలాగే ఒక నకలు తీసి పెడుతుంది. దాని పేరు స్నాప్‌షాట్. బీరువా పాడైతే, నకలును బట్టి మళ్ళీ కొత్త బీరువా చేసుకోవచ్చు."

"ఇంకేమండీ, బెంగే లేదు!"

"ఆగండి. పిల్లల వివరాలు పరాయివాళ్ళ కళ్ళ పడకూడదని అన్నిటినీ ఎన్‌క్రిప్ట్ చేశాను. అంటే అక్షరాలన్నీ కలగాపులగం చేసి తాళం వేసినట్టు. ఆ తాళంచెవి ఉంటేనే మళ్ళీ అవి అక్షరాలవుతాయి. బీరువాకి ఏ తాళంచెవో నకళ్ళన్నిటికీ అదే. అది పోతే..."

అప్పటికే నూకరాజు టీకి లేచాడు. అది పోతే ఏమవుతుందో అతను వినలేదు.

సలీమా పాత పాఠాల తాళంచెవికి "పాత తాళం" అనీ, ఇకముందు రాబోయే పాఠాల కోసం చేసినదానికి "కొత్త తాళం" అనీ పేర్లు పెట్టింది. మనవాళ్ళకు తాళమన్నా తాళంచెవన్నా వాడుకలో ఒకటే కదా. ఆమె కూడా ఆ వాడుక ప్రకారమే పెట్టింది. అందులో తప్పేమీ లేదు, వినేవాడు పూర్తిగా వింటే.

పరీక్షలు దగ్గరపడుతున్న రోజులవి. ఒక మంగళవారం మధ్యాహ్నం పన్నెండవుతుండగా నూకరాజు కంప్యూటర్ ముందు కూర్చుని, తెర మీద తాళంచెవుల జాబితా చూస్తున్నాడు. ఫోన్ మోగింది. మేడ మీద నుంచి భ్రమరాంబ గారు.

"నూకరాజూ, ఆ పాత తాళం తీసెయ్యి నాయనా..."

"అలాగేనండీ!" అని ఫోన్ పెట్టేశాడు. "మాస్టారు గది బయట నిలబడిపోయారు" అన్న మిగతా సగం ఆవిడ గాలికి చెప్పుకున్నారు. మేడ మీద పాత రికార్డింగు గదికి ఒక పాత తాళం ఉండేది. దాని చెవి నూకరాజు సొరుగులో ఉండేది.

నూకరాజు తెర మీద "పాత తాళం" అన్న పేరు మీద నొక్కి, తొలగించమన్నాడు. తెర మీద నాలుగు వరుసల హెచ్చరిక వచ్చింది. ఎన్ని రోజుల తర్వాత తొలగించాలని కూడా అడిగింది. ఏడు రోజులకు తక్కువైతే ఒప్పుకోలేదు. "దీనికీ నిదానమే!" అని విసుక్కుని, ఏడు అని కొట్టి, హెచ్చరిక చదవకుండానే సరే అన్నాడు. మేడ మీద భ్రమరాంబ గారు పది నిమిషాలు చూసి, "పాపం, పనిలో ఉన్నాడేమో" అనుకుని, తన సంచీ వెతికి రెండో చెవితో గది తెరిచారు. ఇక ఆ సంగతి అందరూ మరిచిపోయారు. అప్పటికే తెరిచి ఉన్న బీరువా తెరిచినట్టే ఉండిపోయింది కాబట్టి పాఠాలు ఎప్పటిలాగే వినిపిస్తూ వచ్చాయి.

సరిగ్గా వారం గడిచింది. మళ్ళీ మంగళవారం పొద్దున్న పదకొండింటికి నూకరాజు నెలవారీ మరమ్మతు కోసం, బీరువాలోని పాఠాలను పిల్లలకు అందించే సర్వర్ అనే కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ మొదలుపెట్టాడు. బీరువా తెరుచుకోలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. ఊహూఁ. ఈలోగా హాస్టల్ నుంచి సుధారాణి అనే పిల్ల ఫోన్ చేసింది.

"కామేశం మాస్టారి పాఠాలు రావట్లేదండీ. సోమవారం మాకు సైన్సు పరీక్షండి. మాకు చదువుకోడానికి ఇంకో పుస్తకం లేదండి."

"వచ్చేస్తాయమ్మా, రెండు నిమిషాలు!" అన్నాడు నూకరాజు. స్నాప్‌షాట్లున్నాయి కదా అన్న ధైర్యం అతనిది. మొన్న ఆదివారం నకలుతో కొత్త బీరువా చేయబోయాడు. తాళంచెవి పనిచేయదంది. అంతకుముందు వారం నకలు పట్టుకున్నాడు. అదీ అదే పాట పాడింది. దాని ముందుదీ అంతే. ఒకే తాళంతో మూసిన పెట్టెలు పది ఉన్నా పోయిన చెవి ఒకటే కదా.

చెమటలు పట్టాయి. అయినా తొందర మనిషి తొందర పోలేదు. "తెరుచుకోని చెత్తంతా తీసిపారేసి మొదటి నుంచి కడతాను. ఆలస్యం అమృతం విషం!" అని, బీరువానూ నకళ్ళనూ కలిపి తొలగించడానికి వేలు చాచాడు.

ఎవరో మణికట్టు పట్టుకున్నారు. కామేశం మాస్టారు! పాఠం ఆగిపోయిందని మేడ దిగి వచ్చారు. ఏమైందన్నట్టు చూశారు.

"పాత తాళం పనిచేయదంటోందండి మాస్టారూ. ఎలా పనిచేస్తుంది? పోయిన మంగళవారం మేడమ్ గారు తీసెయ్యమంటే నేనే తీసేశాను గదండీ!"

మాస్టారి కళ్ళు పెద్దవయ్యాయి. గబగబా నోటుబుక్కు తెరిచారు. గబగబా అంటే ఆయన గబగబా. "ఆ రోజు" అని రాశారు. "అవునండి, ఆ రోజే..." అని నూకరాజు అందుకోబోయాడు. మాస్టారు పెన్సిల్ ఎత్తి అతని ముఖంలోకి చూశారు. ఆ చూపులో కోపం లేదు, బతిమాలుకోవడం ఉంది. ఆ పాఠాలు పోతే మళ్ళీ చెప్పడానికి ఆయనకు గొంతు లేదు. నూకరాజుకు అది అప్పుడే, మొట్టమొదటిసారి, గుండెకు తగిలింది. నోరు మూసుకుని నిలబడ్డాడు. పెన్సిల్ నెమ్మదిగా కదిలింది.

"ఆ రోజు నేను గది బయట నిలబడ్డాను. ఆవిడ తీయమన్నది తలుపు తాళం."

నూకరాజు కుర్చీలో కూలబడి సలీమాకు ఫోన్ చేశాడు. "తప్పు చేశానండి" అని మొదలుపెట్టి, ఏమీ దాచకుండా అంతా చెప్పాడు.

"మీరు టీకి లేచిన రోజు 'అది పోతే' అన్నాను. గుర్తుందా?" అంది సలీమా.

"ఉందండి. అది పోతే ఏమవుతుందండి?"

"ఇక ఎవరూ తెరవలేరు. నేనూ తెరవలేను, ఆ క్లౌడ్ కంపెనీవాళ్ళూ తెరవలేరు. ముందు దేన్నీ నొక్కకండి. తాళంచెవి దగ్గర ఏం రాసి ఉందో మొదటి నుంచి చివరిదాకా చదవండి. ఒక్క ముక్క వదలొద్దు."

నూకరాజు చదివాడు. "ఈ తాళంచెవి ఈరోజు మధ్యాహ్నం పన్నెండు గంటలకు శాశ్వతంగా తొలగిపోతుంది. అంతవరకు దీన్ని వాడడం కుదరదు. ఆ సమయం లోపల తొలగింపును రద్దు చేయవచ్చు."

గోడ గడియారంలో పన్నెండుకు ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి.

"అమ్మయ్య!" అంది సలీమా. "రద్దు చెయ్యండి."

చేశాడు. "ఇప్పుడు బీరువా తెరవనాండీ?"

"అదిగో, మళ్ళీ! వినండి. తొలగింపు ఆగింది గానీ తాళంచెవి ఇంకా నిద్రలోనే ఉంది. ముందు దాన్ని లేపాలి. తర్వాత బీరువాను సర్వర్‌కు తగిలించాలి. ఆ తర్వాతే తెరవాలి."

ఆమె ఒక్కొక్క మాట చెప్పేదాకా ఆగి, ఒక్కొక్కటీ చేశాడు. మధ్యమధ్య చేయి దురద పెట్టింది. దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చివరికి బీరువా తెరుచుకుంది. మొదటి పాఠం మీద నొక్కాడు.

"కంగారేం లేదు పిల్లలూ" అంది గదిలో ఒక నిండు గొంతు. "అర్థం కాకపోతే మళ్ళీ చెబుతాను. పొంగిన పూరీని వేళ్ళతో తడమండి..."

కామేశం మాస్టారు కళ్ళు మూసుకుని, ఆ గొంతుతో పాటే పెదవులు కదిపారు. నూకరాజుకు ప్రాణం లేచివచ్చింది. బతుకు జీవుడా అనుకుని కండువాతో ముఖం తుడుచుకున్నాడు. తుడిచింది చెమట ఒక్కటే కాదు. వెంటనే సుధారాణికి ఫోన్ చేసి, "వచ్చేశాయమ్మా. ఇంకేమైనా చెప్పాలా? చెప్పు, వింటాను" అన్నాడు. ఆ పిల్ల ఆశ్చర్యపోయి, "ఏం లేదండి, థాంక్సండి" అంది.

భ్రమరాంబ గారు బయటి పని చూసుకుని వచ్చేసరికి నూకరాజు గుమ్మంలోనే ఎదురెళ్ళి జరిగిందంతా ఒప్పుకున్నాడు. ఆవిడ ముందు గుండె పట్టుకున్నారు, తర్వాత పకపకా నవ్వారు.

"తలుపు తీయవయ్యా అంటే ఇల్లే తీసెయ్యబోయావన్నమాట! పోనీలే, దక్కాయి. అదే పదివేలు."

సాయంత్రంలోగా సలీమా చెప్పినట్టు నకళ్ళను వేరే తాళంచెవితో మరోచోట కూడా దాచారు. ఒక చెవి పోయినా ఇంకొకటి ఉండాలి కదా. "పాత తాళం" పేరు కూడా మారింది. ఇప్పుడది "పాఠాల బీరువా తాళంచెవి, ముట్టుకోవద్దు".

ఇంటికి వెళ్ళేముందు కామేశం మాస్టారు నూకరాజును పిలిచి నోటుబుక్కు తెరిచారు. "తాళం" అని రాశారు. 'తీయాలాండీ' అని నూకరాజు నాలుక దాకా వచ్చింది. కొరుక్కుని ఆగాడు. మాస్టారు తాపీగా పూర్తిచేశారు.

"తాళం కన్నా తాళిమి గట్టిది."

"తాళిమి అంటే ఓర్పు నాయనా" అన్నారు పక్కనుంచి భ్రమరాంబ గారు.

నూకరాజు తలవంచి దండం పెట్టాడు గానీ, వెళ్ళిపోలేదు. పెన్సిల్ ఇంకా కాగితం మీదే ఉంది. అది మరో వరుస రాసింది. "మంచినీళ్ళు తెస్తావా?"

నూకరాజు పరుగెత్తుకుని వెళ్ళి తెచ్చాడు. ఆ ఒక్క పరుగును మాత్రం ఎవరూ తప్పు పట్టలేదు.

ఎంత గట్టి తాళం వేసినా, ఎన్ని నకళ్ళు దాచినా, సగం మాట విని పని చేసేవాడి చేతిలో ఏదీ భద్రం కాదు. ఎదుటివారి మాట చివరిదాకా వినే ఓర్పే అన్నిటికన్నా గట్టి భద్రత.